బడి కోసం చాపిన చెయ్యి

భీమరాజు పంతులుగారికి లెక్కలు చెప్పడం వచ్చు, అర్జీలు రాయడం వచ్చు, బెత్తం ముట్టుకోకుండా అల్లరి పిల్లల్ని కూర్చోబెట్టడం వచ్చు. ఒకరి గుమ్మంలో నిలబడి అడగడం మాత్రం రాదు. అలాంటి మనిషిని ఏరికోరి పెద్ద విరాళాలు తెమ్మని ఊళ్ళమీదికి తోలిన ఘనత ఆ హైస్కూలు కమిటీవారిది.

రామచంద్రపురానికి అవతల, కాలువ గట్టున ఉన్న ఊరది. హైస్కూలు మెట్రిక్యులేషన్ దాకా ఉంది. ఆ పైన చదవాలంటే రాజమండ్రికో కాకినాడకో పడవెక్కాలి, అక్కడ గది చూసుకోవాలి, వంటకు మనిషిని చూసుకోవాలి. ఉన్నవాళ్ళ పిల్లలు పోయేవారు. లేనివాళ్ళ పిల్లలు ఏ కరణంగారి దగ్గరో చేరి దస్త్రాలు మోసేవారు. భీమరాజు కూడా ఆ లేనివాళ్ళలోంచి వచ్చినవాడే. మెట్రిక్యులేషన్ మంచి మార్కులతో ప్యాసై, పడవెక్కే దారి లేక, చదివిన బడిలోనే లెక్కల మేష్టరుగా కుదురుకున్నాడు. తనకంటే మందబుద్ధులు పట్నంలో ఇంకో రెండేళ్ళు చదివి ఎఫ్.ఏ. అన్న రెండక్షరాలు తగిలించుకొచ్చి తన పైన కూర్చుంటుంటే ఆయనకు ఒళ్ళు మండేది. ఊళ్ళోనే ఎఫ్.ఏ. క్లాసు రావాలని ఆయనకున్నంత పట్టుదల ఇంకెవరికీ లేదు.

మద్రాసు యూనివర్సిటీవారు సంగతి తేల్చి చెప్పారు. క్లాసు నడవడానికి శాశ్వతమైన రాబడి బడి పేరుమీద చూపండి, అప్పుడు వచ్చి చూస్తాం అన్నారు. కమిటీ సెక్రటరీ ప్లీడరు చంద్రరావుగారు. చిల్లర చందాలతో ఈ పని కాదని, భూములున్న పెద్దమనిషి ఒక్కడు కదలాలని ఆయన బల్ల గుద్ది చెప్పాడు. కదిలించేది ఎవరన్నప్పుడు అందరూ భీమరాజు వంక చూశారు. పెద్ద రైతుల పిల్లలంతా మీ దగ్గర చదివినవాళ్ళే, మీ మాట కాదనరు అన్నారు. అసలు సంగతేమిటంటే ఎండన పడి తిరగడం ఆ గదిలో ఇంకెవరికీ ఇష్టం లేదు.

తిరిగాడు. సెలవు దొరికితే చాలు గొడుగు పట్టుకుని గట్టెక్కేవాడు. ఆనకట్ట కట్టి, కాలువలు తవ్వి, నీళ్ళు వదిలాక ఆ ప్రాంతంలో డబ్బుకు కొదవలేదు. ఒకప్పుడు గడ్డి మొలవని నేలలో ఏటా రెండు పంటలు పండుతున్నాయి. ఆ పంట సత్రాలకు పోతోంది, గుళ్ళ గోపురాలకు పోతోంది, పెళ్ళిళ్ళలో మేళాలకు పోతోంది. బడి అనేసరికి మాత్రం ప్రతి పెద్దమనిషికీ ఏదో ఒకటి గుర్తొచ్చేది. ఒకాయన, మావాడిని మీరు లెక్కల్లో తప్పించారు కదండీ అన్నాడు. ఇంకొకాయన, చదువుకున్నవాడు మళ్ళీ చేలో దిగుతాడా చెప్పండి అన్నాడు. మరొకాయన ఎంతో మర్యాదగా కూర్చోబెట్టి, నీటి పన్ను తగ్గించమని కలెక్టరుకు అర్జీ రాయించుకుని, విరాళం మాట వచ్చే ఏడు చూద్దాం అన్నాడు. అందరూ కొబ్బరి బొండం మాత్రం కొట్టించి ఇచ్చేవారు. నాలుగేళ్ళలో ఆయన తాగిన బొండాల నీళ్ళతో ఒక మడి తడిసేది.

ఇంటికొచ్చి గొడుగు మూల పడేసి, రేపటి నుంచి వెళ్ళను, ఎవడికి కావాలో వాడే వెళ్తాడు అని కేకలేసేవాడు. ఆయన భార్య పాపాయమ్మ ఆ కేకలు విని ఊరుకునేది. మళ్ళీ ఆదివారానికి గొడుగు ఎక్కడుందని వెతికేది ఈయనేనని ఆవిడకు తెలుసు.

చివరికి ఒకరు దొరికారు. పేరు దొరబాబు. ఎకరాలకు ఎకరాలు కాలువ కింద మాగాణి ఉన్న కాపు. ఆయన తండ్రి కాలంలో ఇంట్లో గంజే గతి, ఆయన కాలంలో గాదెలు చాలక ఇంకా కట్టిస్తున్నారు. తనకు సంతకం రాదు. మనవణ్ణి భీమరాజు దగ్గర చదివిస్తున్నాడు. ఆ కుర్రాడు ఒకరోజు అరుగుమీద కూర్చుని కౌలు లెక్క నోటితోనే చెప్పేసరికి తాతగారి మనసు కరిగింది. కబురు చేసి పిలిపించి, కాలువను ఆనుకుని ఉన్న మంచి మాగాణి ముక్క, ఏడాది పొడుగునా క్లాసు నడపగలిగేది, ఇస్తానన్నాడు.

అయితే ఒక షరతు పెట్టాడు. దస్తావేజు ఎవరి పేర రాయమంటారని భీమరాజు అడిగితే తల అడ్డంగా ఆడించాడు. ముందు దానం, తర్వాత దస్తావేజు అన్నాడు.

"కాయితానికిత్తే పుణ్యం ఎక్కడికెళ్తాదండి? నీళ్ళు పడ్డానికో చెయ్యుండాలి. బడికి చేతులు లేవు కదండి. ఏకాదశినాడు కోటిపల్లి రేవులో తవరి చేతిలో వదుల్తాను. తవరు పట్టండి, బడికి రాసెయ్యండి."

ఇక్కడే వచ్చింది చిక్కు. భీమరాజు నియోగి. ఆయన తాతముత్తాతలు కరణీకాలు చేశారు, గుమాస్తాగిరీ చేశారు, పస్తులు కూడా ఉన్నారు. దానం పట్టడం మాత్రం వాళ్ళ ఇంటా వంటా లేదు. దానం పట్టినవాడికి ఇచ్చినవాడి పాపం అంటుతుందని, ఆ పని వైదికులు చూసుకుంటారని, మన చెయ్యి కలం పట్టడానికేనని చిన్నప్పటి నుంచి విన్న మాట. ఇంట్లో ఏమీ లేని రోజుల్లో ఆ ఒక్క మాటే వాళ్ళ ఆస్తి. నాలుగేళ్ళుగా గుమ్మం గుమ్మం తిరిగి అడిగినవాడికి చెయ్యి చాపడానికి ఇంత బెట్టు ఎందుకని మనకు అనిపిస్తుంది. ఆయనకు అలా అనిపించలేదు. అడిగేది బడి కోసం, చాపేది తన చెయ్యి.

చంద్రరావుగారితో చెబితే ఆయన చిటికేసి, దీనికింత ఆలోచనేమిటి, పేరయ్య అవధానిగారిని తీసుకెళ్ళండి అన్నాడు. అవధానిగారు చుట్టుపక్కల దానాలన్నీ పట్టే మనిషి. బడి తరఫున పట్టి, మర్నాడే బడికి రాసిస్తారు, ఆయనకు సంభావన ఇద్దాం, దొరబాబు పుణ్యం దొరబాబుకు, భూమి మనకు అన్నాడు. భీమరాజుకు ప్రాణం లేచి వచ్చింది.

ఏకాదశినాడు రేవులో మెట్టుమీద అవధానిగారు చెయ్యి చాపి కూర్చున్నాడు. చెంబుతో నిలబడ్డ దొరబాబు ఆయన్నీ, పై మెట్టుమీద ఉత్తరీయం సర్దుకుంటున్న భీమరాజునీ మార్చి మార్చి చూశాడు.

"తవరు కాదాండి?" అన్నాడు.

మాకు ఆ ఆచారం లేదు, బడి తరఫున అవధానిగారు పడతారు అని భీమరాజు చెప్పాడు. దొరబాబు చెంబు వంచాడు. దస్తావేజు కూడా ఆ వారంలోనే రిజిస్ట్రీ చేయించాడు, నీళ్ళు పట్టినవారి పేరుమీద.

ఆ మర్నాడు బడికి రాసివ్వవలసిన అవధానిగారు ఆ మర్నాడు రాలేదు. పక్షం తిరిగినా రాలేదు. భీమరాజే ఆయన ఇంటికి వెళ్ళాడు. అవధానిగారు ఎంతో ప్రేమగా పీట వేయించి, శాస్త్రం విప్పాడు. దానంగా వచ్చిన భూమిని మళ్ళీ ఇంకొకరి చేతుల్లో పెడితే ఇచ్చినవాణ్ణి అవమానించినట్టు అన్నాడు. పైగా ఇన్ని గాదెలు నింపిన మనిషి పాపం తక్కువా, దాన్ని కరిగించుకోవడానికి తాను ఎంత జపం చెయ్యాలి అన్నాడు.

"పాపం నాకూ, పంట మీకూనా పంతులుగారూ? అదేం న్యాయమండీ?"

భీమరాజు అక్కడి నుంచి ఉడికిపోతూ దొరబాబు ఇంటికి వెళ్ళాడు. దొరబాబు శాంతంగా, వదిలిన నీళ్ళు వెనక్కి తియ్యలేనండి, అది ఇంక ఆయనదే అన్నాడు. బొండం కూడా కొట్టించాడు. భీమరాజు దాన్ని ముట్టుకోకుండా వచ్చేశాడు.

కమిటీలో జరిగింది మరీ అన్యాయం. చేతిదాకా వచ్చిన భూమిని పురోహితుడికి ఎలా అప్పగించావయ్యా అని అందరూ భీమరాజు మీద పడ్డారు. మీరే కదా అన్నారని ఆయన చంద్రరావు మొహంలోకి చూస్తే, నేనెప్పుడన్నానండీ అని ప్లీడరుగారు నిజంగానే ఆశ్చర్యపోయాడు. కోర్టులో రోజూ చేసే పని కనుక ఆయనకు అది కష్టం కాలేదు. ఆ రోజు భీమరాజుకు అందరికంటే ఎక్కువ కోపం తనమీదే వచ్చింది. చెయ్యి ఒక్కసారి చాపి, నీళ్ళు పట్టి, తుడుచుకుంటే పోయేది. పోయేదని ఇప్పుడు తెలుస్తోంది.

ఇంతలో మద్రాసు నుంచి కబురొచ్చింది. మార్గశిరంలో వచ్చి చూస్తామని, అప్పటికి రాబడి చూపకపోతే ఈ ఊరి మాట పక్కన పెట్టి ఇంకో ఊరికి ఇస్తామని. భీమరాజు మళ్ళీ గొడుగు తీశాడు. ఎక్కడికి వెళ్ళినా ఒకటే మాట: దొరబాబుగారు ఇచ్చారటగా, ఇంకా దేనికండీ. లేని భూమి ఉందన్న పేరుతో వచ్చే చందా కూడా రాకుండా పోయింది.

కార్తికం చివర దొరబాబుకు జ్వరం తగిలింది. తగ్గలేదు. కాకినాడ నుంచి వచ్చిన డాక్టరు పెదవి విరిచి వెళ్ళాడు. అప్పుడు పెద్దవాళ్ళు కాలపురుష దానం చేయించమన్నారు. నల్ల నువ్వుల మీద నల్ల బట్ట కట్టిన బొమ్మను పెట్టి దానం ఇస్తారు. పట్టినవాడికి రోగి మృత్యువు అంటుకుంటుందని, ఏడాది తిరక్కుండా పోతాడని నమ్మకం. పట్టేవాడు దొరకడమే కష్టం. అవధానిగారికి కబురు పెడితే, ఎక్కడో దూరపు దాయాది పోయినట్టు ఆ ఉదయమే ఆయనకు తెలిసింది. మైలలో ఉన్నాను, రాకూడదు అని చెప్పి పంపాడు.

దొరబాబు కొడుకు తాతాజీ బండి కట్టుకుని భీమరాజు గుమ్మంలోకి వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. నాన్నగారు కాలువ కింద ఇంకో ముక్క ఇస్తారట, అది బడికే పెట్టుకోవచ్చట, కాని ఈ దానం పంతులుగారే తన చేత్తో పట్టాలట. అది చెప్పి తాతాజీ తల దించుకున్నాడు.

పాపాయమ్మ తలుపు వెనక నుంచి అంతా విన్నది. ఎప్పుడూ ఎదురు చెప్పని మనిషి ఆ రోజు దారికి అడ్డం నిలబడింది. ఒకప్పుడు మామూలు దానమే పట్టనని కూర్చున్నారు, ఇప్పుడు చావును పట్టుకొస్తారా అంది. ఆ నమ్మకాలన్నీ ఉత్తివే అని ఆయన అన్నాడు. ఉత్తివైతే ఆవేళ రేవులో ఎందుకు పట్టలేదు అని ఆవిడ అడిగింది. ఆయన ఉత్తరీయం భుజాన వేసుకున్నాడు.

"మీరు పోతే ఆ క్లాసులో నన్ను కూర్చుని చదువుకోమంటారా?" అంది పాపాయమ్మ.

ఆయన వెళ్ళాడు. అది త్యాగమనుకుంటే పొరపాటు. ఆయన్ను బండి ఎక్కించింది కోపం. అవధానిమీద కోపం, ప్లీడరుమీద కోపం, ఆ మెట్టుమీద ఉత్తరీయం సర్దుకుంటూ నిలబడ్డ తనమీద కోపం. భయం లేదా అంటే ఉంది.

దొరబాబు మంచంలో ఎముకల గూడులా ఉన్నాడు. అందర్నీ బయటికి పంపించి, భీమరాజును దగ్గరికి రమ్మన్నాడు.

"ఆవేళ తవరు చెయ్యి చాపలేదండి," అన్నాడు, ఊపిరి తీసుకుని. "నా నీళ్ళు తవరికంటకూడదనుకున్నారని అనుకున్నాను. నా భూమి కావాలి, నా చెంబులో నీళ్ళొద్దు. అవధానిగారు మింగేత్తారని నాకు ముందే తెలుసండి. తెలిసే ఆయన పేర రాయించాను."

భీమరాజు మంచం మీదికి వంగాడు. అలా కాదు, మా ఇళ్ళల్లో ఎవరి దగ్గరా పట్టం, మహారాజు ఇచ్చినా పట్టం అని చెబుదామనుకున్నాడు. ఆ మాట ఆ గదిలో ఎలా వినిపిస్తుందో ఆయనకు తెలిసింది. ఎదుటివాడు దాన్ని కూడా అలాగే వింటాడు, వినడంలో తప్పూ లేదు. నోరు మూసుకుని నేలమీద కూర్చుని కుడిచెయ్యి చాపాడు. దొరబాబు కొడుకును లోపలికి పిలిచి, అతని ఆసరాతో లేచి, నువ్వులు పెట్టి నీళ్ళు వదిలాడు.

ఈ దానానికి ఇంకో కట్టు ఉంది. పట్టినవాడు వెనక్కి తిరిగి చూడకుండా పోవాలి. ఇచ్చినవాడు వాడి ముఖం మళ్ళీ జన్మలో చూడకూడదు. చూస్తే పోయిన మృత్యువు తిరిగొస్తుంది. భీమరాజు దొడ్డిదారిన వెళ్ళి, కాలువలో మునిగి, తడిబట్టలతో ఇల్లు చేరాడు.

తన పేర వచ్చిన భూమిని ఆ వారంలోనే బడికి రాసిచ్చాడు. మద్రాసు పెద్దమనుషులు వచ్చారు, చూశారు, తల ఊపి వెళ్ళారు. పైఏడు నుంచి ఎఫ్.ఏ. క్లాసు పెట్టుకోవచ్చని అనుమతి వచ్చింది.

దొరబాబు బతికాడు. వారానికి గంజి తాగాడు, నెలకు కర్ర పట్టుకుని చేలోకి వెళ్ళి కూలీలను తిట్టాడు. ఊరికి ఇంకేం రుజువు కావాలి? ఆయన్ను వదిలింది కనుక పంతుల్ని పట్టుకుందన్నారు. దారిలో ఎదురైనవాళ్ళు ఒంట్లో ఎలా ఉందండీ అని అదొక రకంగా అడిగేవారు. పెళ్ళి పిలుపులు ఆగిపోయాయి. పాపాయమ్మను పేరంటానికి పిలవడం మానేశారు. దానికి బదులు మంచం పట్టిన మోతుబరుల ఇళ్ళ నుంచి బండ్లు రావడం మొదలైంది, పంతులుగారు ఆ దానం పడతారటగా అని. ఇంకా నవ్వాలో ఏడవాలో తెలియనిదేమిటంటే, సామర్లకోట దగ్గర ఒకాయన మంచాన పడి తీసుకుంటున్నాడని, పిల్లలకు వసతి గది కూడా కట్టించాలి కదా అని చంద్రరావుగారే వచ్చి చెప్పాడు. భీమరాజు జన్మలో మొదటిసారి ఒక ప్లీడరును గుమ్మంలోంచి వెళ్ళగొట్టాడు.

క్లాసు తెరిచే రోజు నిశ్చయమైంది. ముందురోజు చంద్రరావు మళ్ళీ వచ్చి, ఈసారి వీధిలోనే నిలబడి సంగతి చెప్పాడు. ముఖ్య అతిథి దొరబాబుగారు. ఆయన మీ ముఖం చూడకూడదు. కాబట్టి సభ అయ్యేదాకా మీరు రాకుండా ఉంటే మంచిది, మీరు పెద్దమనసు చేసుకోవాలి అన్నాడు. భీమరాజుకు అనవలసినవి చాలా ఉన్నాయి. మొదలుపెడితే ఎక్కడ ఆపాలో తెలియక తలుపు వేసుకున్నాడు.

వెళ్ళకుండా ఉండలేకపోయాడు. వెనక వైపు నుంచి వెళ్ళి, హాలు వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు. అందరి వీపులూ కనిపిస్తున్నాయి. ముందు వరసలో మధ్యన దొరబాబు, కొత్త తలపాగా, మెడలో బంతిపూల దండ. ఆయన మనవడు మొదటి బల్ల దగ్గర కూర్చున్నాడు, ఎఫ్.ఏ. క్లాసులో మొదటి పేరు వాడిదే. వేదికమీద శాలువా కప్పుకుని ఆశీర్వచనం చెబుతున్నది పేరయ్య అవధానిగారు. గొంతు కంచులా మోగుతోంది. భీమరాజుకు పరుగున వెళ్ళి ఆ శాలువా లాగెయ్యాలనిపించింది.

ఆశీర్వచనం అయ్యాక, చంద్రరావు దాతగారిని రెండు మాటలు చెప్పమన్నాడు. దొరబాబు లేవలేదు. కూర్చునే, ముందుకు చూస్తూ, పంతులుగారొచ్చారా అని అడిగాడు. వెనకున్నారని మనవడు చెప్పాడు. కొందరు భయంగా దొరబాబు తలవైపు చూశారు, ఎక్కడ తిరుగుతుందోనని. అది తిరగలేదు.

"పంతులుగారండి," అన్నాడు దొరబాబు, ఎదురుగా ఉన్న గోడతో. "ఆవేళ రేవులోనే పట్టుంటే ఈవేళ తవరు నా పక్కన కూర్చునేవారండి."

భీమరాజు దగ్గర నాలుగేళ్ళ మాటలున్నాయి. బొండాల దగ్గర నుంచి శాలువా దాకా ఒక్కొక్కటీ ఉంది. అవన్నీ ఒక తలపాగా వెనక భాగానికి ఎలా చెప్పాలో తెలియలేదు.

"చిత్తం," అన్నాడు చివరికి. ఆ మాట ఆయన ఎవరితోనూ అని ఎరగడు. దొరబాబు తల ఊపాడు. భీమరాజు, మూడో ఫారం పిల్లలు లెక్కల కోసం కాచుకుని ఉంటారని అటు వెళ్ళిపోయాడు.